మా మేడ మీద ట్యాంకు, సీలేరు కొండ మీద నీళ్ళు

మొన్న కూకట్‌పల్లిలో కరెంటు పోతే మేడ మీదకెళ్ళి కూర్చున్నాం, నేనూ పక్క ఫ్లాట్‌లో అద్దెకుండే తమ్ముడూ. పక్కనే వెయ్యి లీటర్ల వాటర్ ట్యాంకు. దాన్ని చూస్తూ ఓ లెక్క వేశా, ఈ నీళ్ళన్నీ ఒకేసారి 18 మీటర్ల కిందకి టర్బైన్ మీద వదిలితే ఎంత కరెంటు వస్తుందా అని. చుక్క కూడా వృథా కాదనుకున్నా వచ్చేది 0.05 యూనిట్. అంటే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి ఐదు గంటలు, సీలింగ్ ఫ్యానైతే గంట కూడా తిరగదు.

నీళ్ళ కరెంటు అంటే నీళ్ళ బరువు ఇంటూ ఎత్తు, అంతే. ఎత్తు తక్కువైతే నీళ్ళు బోలెడు కావాలి, ఎత్తు ఉంటే కొంచెం నీళ్ళతోనే పనైపోతుంది, అందుకే ఇంజనీర్ల కళ్ళు ఎప్పుడూ కొండల మీదే. మన దగ్గర మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం అలాంటిదే, ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ నది మీద, డుడుమ జలపాతం దగ్గర 1955లో మొదలైంది. ఆ నది కిందకొచ్చాక సీలేరు అవుతుంది, దాని మీద ఎగువ సీలేరు, డొంకరాయి, మోతుగూడెం దగ్గర 460 మెగావాట్ల దిగువ సీలేరు ప్లాంట్లు, ఆ తర్వాత శబరి, గోదావరి నదులు. ఒకే నీళ్ళు మెట్టు మెట్టుకీ కరెంటు ఇస్తూ దిగుతాయి. కానీ ఆ మెట్లు కట్టడానికి మునిగింది ఎవరి పొలాలు? ఒక్క మాచ్‌ఖండ్ కిందే వేల కుటుంబాలు ఊళ్ళు వదిలాయి, వాళ్ళలో గిరిజనులే ఎక్కువ.

ఆ తమ్ముడిది సీలేరు వైపు ఓ గూడెం. "అన్నా, మా ఇంటి పక్కనించే పెద్ద లైన్లు పోయేవి, వానొస్తే జుయ్యిమని మోగేవి, మేమేమో కిరోసిన్ బుడ్డి పెట్టుకుని చదివేవాళ్ళం" అన్నాడు. ఆ మోత ఏంటంటే, తీగ మీద నిలిచిన వాన చుక్క దగ్గర కరెంటు గాల్లోకి లీకవుతున్న చప్పుడు. వీళ్ళ బుడ్డి పక్కనే అది గాలిపాలవుతోందన్నమాట, వింటేనే కడుపు తరుక్కుపోయింది. పైన పోయే 220 కిలోవోల్టుల లైన్‌కి వైరు తగిలించి ఇంట్లోకి లాక్కోలేం, దాన్ని దించడానికి సబ్‌స్టేషన్ కావాలి, అక్కణ్ణించి కొండలెక్కే చిన్న లైన్లు, గూడెంలో ట్రాన్స్‌ఫార్మర్, అదంతా ముప్ఫై ఇళ్ళ కోసం వేయాలంటే ఖర్చు లెక్క చూసి ఫైలు పక్కన పెట్టేస్తారు. ఊరు ముంచేటప్పుడు మాత్రం ఈ లెక్క ఎవరూ చూడలేదు.

డ్యామ్ లేకుండా కూడా దారి ఉంది. గెడ్డలో, అంటే కొండవాగులో, సెకనుకి 10 లీటర్లు పారుతున్నాయనుకోండి, వాటిని పైపులో 50 మీటర్లు కిందకి దించితే నష్టాలన్నీ పోను దాదాపు 3 కిలోవాట్లు. ముప్ఫై ఇళ్ళకి తలా 100 వాట్లు, అంటే నాలుగు బల్బులు, ఫోన్ ఛార్జింగ్, ఓ చిన్న టీవీ. వంట ఎలాగూ కట్టెల మీదే, కానీ పగలు ఇళ్ళలో వాడకం ఉండదు కాబట్టి అదే కరెంటుతో చోళ్ళు (రాగులు) పిండి పట్టుకోవచ్చు, ఆడవాళ్ళకి తిరగలి చాకిరీ తప్పుతుంది. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా పుట్సిల్‌లో గిరిజనులు ఇలాంటి చిన్న ప్లాంటునే సొంతంగా నడిపారు.

ఇప్పుడు ఎగువ సీలేరులో 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ అంటున్నారు, కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందకి వదలడం. అందులో సగం పని, నీళ్ళు పైకి తోడడం, మా మోటారూ ట్యాంకూ చేసేదే. సోలార్ పెరుగుతోంది కాబట్టి ఇలాంటివి కావాలి, కాదనను. కానీ షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో అడగాలని 1996 పెసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) చెప్తోంది, అడగడమంటే సంతకాలు పెట్టించుకోవడం కాదు, ముందు ఆ ఊళ్ళలో లైటు వెలగాలి.

తమ్ముడు వాళ్ళ గెడ్డ కొలుస్తానంటున్నాడు. 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోన్‌లో చూసుకో, రెండు సెకన్లయితే సెకనుకి 10 లీటర్లు అని చెప్పా. సంక్రాంతికి వెళ్తున్నా అన్నాడు. అప్పుడు ఒకసారి చూడు, కానీ అసలు కొలత మే నెలలో తియ్యి అన్నా, ఎండాకాలం గెడ్డలో మిగిలే నీళ్ళని బట్టే ఎన్ని బల్బులో తేలేది.