విడిపోయిన జంట, మంత్రశక్తులు, టీనేజ్ నవల: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఉండి ఫాంటసీ నవలలు రాస్తుంటాను, కొత్తగా రాసేవాళ్ళ డ్రాఫ్టులు ఎడిట్ చేస్తుంటాను. గుంటూరు, తెనాలి వైపు కాలేజీ పిల్లలు పంపేవాటిలో ఈ మధ్య ఒక రకం కథ ఎక్కువగా కనిపిస్తోంది: పూర్తిగా కల్పించిన లోకం, మంత్రాలు, ఒకసారి విడిపోయిన ఇద్దరు మళ్ళీ ఎదురుపడటం. నాకు ప్రాణం ఈ రకం కథలంటే. అందుకే వీటి మీద తరచూ వినే నాలుగు మాటల గురించి చెప్పాలి.

అపోహ: ఇవి ఇంగ్లీషు వాళ్ళ కథలు, తెలుగులో అతకవు.

వాస్తవం: చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' సీరియల్ మొదలైంది 1954లో. ఆయనది మన తెనాలి ప్రాంతమే. మాంత్రికులు, రాజ్యాలు, వింత జంతువులతో నిండిన ఆ సీరియల్స్ కోసం మన పెద్దవాళ్ళు నెలనెలా ఎదురుచూశారు. అదీ ఎలాంటి భాషలో? చదువు అప్పుడే నేర్చిన పిల్లకు కూడా అర్థమయ్యే తెలుగులో. కాబట్టి గ్రాంథికం రాదని భయపడి ఆగిపోయినవాళ్ళు ఈరోజే మొదలుపెట్టండి.

అపోహ: విడిపోవడానికి కారణం శాపమో మంత్రమో అయితే, అది తొలగగానే ఇద్దరూ కలిసిపోవచ్చు.

వాస్తవం: ఎక్కువ డ్రాఫ్టులు చతికిలపడేది ఇక్కడే. భారతంలో దుష్యంతుడికి శకుంతల గుర్తుంది, లోకం ఏమంటుందోనని ఎరగనన్నాడు, ఆకాశవాణి పలికాకే ఒప్పుకున్నాడు. దూర్వాసుడి శాపం, ఉంగరం పోవడం కాళిదాసు నాటకంలో వచ్చాయి, దాంతో రాజు తప్పు చాలావరకు శాపం మోసింది. అయినా ఉంగరం దొరికిన వెంటనే కాళిదాసు వాళ్ళని కలపలేదు. ఆరో అంకంలో రాజు కుమిలిపోతాడు, ఏళ్ళు గడిచాక ఏడో అంకంలో కొడుకును చూస్తాడు, శకుంతల కాళ్ళ మీద పడతాడు. జ్ఞాపకం రావడం ఒకటి, క్షమాపణ దొరకడం ఇంకొకటి.

గుంటూరు అమ్మాయి ఒకామె రాసిన నవలలో హీరో నది గేట్ల కాపరి. వరద వచ్చినప్పుడు మంత్రం పాడి గేట్లు దించాలి, పాడిన ప్రతిసారీ తన జ్ఞాపకం ఒకటి నదికి ఇచ్చేయాలి. ఒక వరద రాత్రి హీరోయిన్ జ్ఞాపకాన్ని ఇచ్చేశాడు. మూడేళ్ళ తర్వాత ఆమె వస్తుంది, నీళ్ళలో ఆమె అందె దొరుకుతుంది, అతనికి అన్నీ గుర్తొచ్చేస్తాయి, కౌగిలించుకుంటారు. "అతనికి గుర్తొచ్చింది సరే తల్లీ, ఈ మూడేళ్ళూ గుర్తుపెట్టుకున్నది ఆ పిల్ల కదా, ఆమె కోపం ఎటు పోవాలి?" అన్నాను. "మరి అతను కావాలని చెయ్యలేదు కదండీ" అంది. "కావాలనే చేశాడనుకో, అప్పుడు?" అని వదిలేశాను.

తిరగరాసి పంపింది చూడాలి! ఏ జ్ఞాపకం ఇవ్వాలో ఎంచుకునేది కాపరే, ఎంచుకున్నది తాటాకు మీద రాసి ఉంచాలి, ఇదీ కొత్త నియమం. ఆమె ఆ కట్ట విప్పుతుంది, అతని చేతిరాతలో తన పేరు కనిపిస్తుంది. ఎదురుగా ఉన్నవాడికి తనెవరో తెలియదు. ఆమె అడిగే మొదటి మాట: "ఇవ్వడానికి నీ దగ్గర ఇంకేమీ లేదా?" ఊరిని కాపాడింది నిజం, ఆమెను ఒక్క మాటైనా అడగనిదీ నిజం. ఇప్పుడు అతను గుర్తులేని తప్పుకు జవాబు చెప్పాలి, ఆమె ఈ కొత్త మనిషిని నమ్మాలో లేదో తేల్చుకోవాలి. అందె సీను తనే తీసేసింది.

అపోహ: పదిహేడేళ్ళ వాళ్ళకు రెండో అవకాశం ఏమిటి, పదేళ్ళైనా ఎడబాటు ఉండొద్దా?

వాస్తవం: అక్కర్లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల పదిహేడుకి వచ్చేసరికి ఇంచుమించు వేరే మనిషి. ఏళ్ళు లెక్కపెట్టకండి, ఆమె ఇప్పుడు దేనికి భయపడదో రాయండి.

అపోహ: చివర్లో పెళ్ళో, కనీసం ముద్దో ఉండాలి.

వాస్తవం: టీనేజ్ నవలకు పెళ్ళి అసలే వద్దు. పక్క ఊరి దాకా అతనితో కలిసి నడవడానికి ఆమె ఒప్పుకుంటే చాలు. కానీ క్షమించిందా లేదా అన్నది మాత్రం ఈ పుస్తకంలోనే తేల్చండి, రెండో భాగం కోసం యుద్ధాన్నీ సింహాసనాన్నీ దాచుకోండి.