అంకెలు క్వార్టర్‌బ్యాక్ పేరు మీద, పని ఇద్దరిదీ

డాలస్ దగ్గర వారాంతాల్లో పిల్లలకు ఫ్లాగ్ ఫుట్‌బాల్ (కింద పడేయకుండా, నడుముకి కట్టిన రిబ్బన్ లాగి ఆపే అమెరికన్ ఫుట్‌బాల్) నేర్పుతుంటాను. ఈ ఆటలో బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, పరుగెత్తి అందుకునేవాడు రిసీవర్. గ్రౌండ్ పక్కన కుర్చీలు వేసుకుని కూర్చునే మన తెలుగువాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: వచ్చిన బంతిని పట్టుకోవడమే రిసీవర్ పని.

వాస్తవం: పట్టుకోవడం ఆఖరి పని. మొన్న శనివారం మ్యాచ్ వీడియోలో ఒక పాస్ దగ్గర ఆపి పిల్లలకు చూపించాను. బంతి క్వార్టర్‌బ్యాక్ చెయ్యి వదిలేసింది, రిసీవర్ మాత్రం ఇంకా ముందుకే పరుగెడుతున్నాడు, వీపు మావైపే ఉంది. ముందే అనుకున్న రూట్ (పరుగెత్తాల్సిన దారి) ప్రకారం రిసీవర్ పది గజాల దగ్గర పక్కకి తిరుగుతాడన్న నమ్మకంతో మా క్వార్టర్‌బ్యాక్ ఖాళీ చోటికి విసిరాడు. రిసీవర్ ఇంకో రెండడుగులు వేసి తిరిగాడు. అప్పటికే బంతి అవతలి జట్టు డిఫెండర్ చేతిలో ఉంది. ఇలా పాస్ అవతలివాళ్లకి చిక్కడాన్నే ఇంటర్‌సెప్షన్ అంటారు, అది మాత్రం క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో పడింది. తల దించుకుని వచ్చిన పిల్లాడికి "నువ్వు కరెక్ట్‌గానే వేశావు నాన్నా" అని అందరి ముందూ చెప్పాను.

పెద్దల ఆటలోనూ ఇంతే. 2023 ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) సీజన్ తొలి మ్యాచ్‌లో కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ వేసిన పాస్ సొంత రిసీవర్ కడారియస్ టోనీ చేతుల్లోంచి జారింది. డెట్రాయిట్ ఆటగాడు బ్రయన్ బ్రాంచ్ దాన్ని అందుకుని చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. కాన్సస్ సిటీ 21-20తో ఓడింది. రికార్డుల్లో ఆ ఇంటర్‌సెప్షన్ మహోమ్స్‌దే.

అపోహ: క్వార్టర్‌బ్యాక్ పేరు మీద 300 యార్డులంటే అంత దూరం విసిరినట్టే.

వాస్తవం: కాదు. ఐదు యార్డుల పాస్ అందుకుని రిసీవర్ అరవై పరుగెత్తితే 65 యార్డులూ క్వార్టర్‌బ్యాక్‌కే రాస్తారు.

అపోహ: గొప్ప క్వార్టర్‌బ్యాక్‌కి రిసీవర్లు ఎవరైనా ఒకటే.

వాస్తవం: ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీనే చూడండి. 2006లో 24 టచ్‌డౌన్ పాస్‌లు. 2007లో జట్టులోకి రిసీవర్లు ర్యాండీ మాస్, వెస్ వెల్కర్ వచ్చారు, 50 అయ్యాయి. అందులో 23 మాస్ పట్టినవే. మనిషి అదే, చెయ్యి అదే.

అలాగని రిసీవర్లుంటే చాలని వాదించేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. 2008 మొదటి మ్యాచ్‌లోనే బ్రేడీ మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. మాస్, వెల్కర్ ఉన్న అదే జట్టుతో, అతని బదులు ఆడిన మ్యాట్ క్యాసెల్ 21 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. జట్టు 11 మ్యాచ్‌లు గెలిచింది కూడా. తక్కువేం కాదు, కానీ 21కీ 50కీ మధ్య ఉన్న తేడా చాలావరకు బ్రేడీదే అంటాను.

ఈ వారం ప్రాక్టీస్‌లో ఆ ఇద్దరు పిల్లలనే పక్కకి తీసుకెళ్లాను. బంతి లేకుండా, ఇద్దరూ గట్టిగా అడుగులు లెక్కపెడుతూ అదే రూట్ ఇరవైసార్లు.