ఏజెన్సీలో ఆచారం, ఆస్తి, అప్పు: అపోహలు - వాస్తవాలు

ఏజెన్సీ భూముల కేసులు చూసే వకీలుగా ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి హనుమకొండకు వచ్చే కక్షిదారుల నోట ఎప్పుడూ వినే మాటలివి. చదువుకున్నవాళ్లూ ఇవే చెబుతారు.

అపోహ: హిందూ వారసత్వ చట్టం కోయలకూ వర్తిస్తుంది.
వాస్తవం: వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలు దీని పరిధిలోకి రావని 1956 నాటి ఆ చట్టమే రెండో సెక్షన్‌లో చెప్పింది. పంపకాలకు ఆచారమే ఆధారం. అయితే ఆచారాన్ని కోర్టులో రుజువు చేయాలి. "మా దగ్గర అంతే సార్" అంటే నడవదు. ఎవరి ఇంట్లో, ఎప్పుడు, ఎలా పంచుకున్నారో ఊరి పెద్దలు బోనెక్కి చెప్పాలి. అది తేలేదాకా విరాసత్, అంటే వారసుల పేరు మీదికి భూమి మార్చడం, ఆగుతుంది, పాస్‌బుక్ చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటుంది, బ్యాంకులో పంట రుణం పుట్టదు. పెట్టుబడికి షావుకారే దిక్కు. ఈ ఆలస్యాన్ని చూపించి ఆచారమే అభివృద్ధికి అడ్డంటారు, అదేం లెక్కో!

అపోహ: ఆచారమంటే ఆడబిడ్డకు వాటా లేనట్టే.
వాస్తవం: 2025 జులైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు మహిళ వారసుల కేసులో దీన్ని తేల్చింది. ఆడవాళ్లకు వాటా ఇచ్చే ఆచారాన్ని మీరు నిరూపించలేదంటూ కింది కోర్టులు వాళ్ల దావా కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఆ ప్రశ్ననే తిరగేసింది: వాటా ఇవ్వకూడదనే ఆచారం రుజువు కానప్పుడు సమాన వాటా ఇవ్వాల్సిందే. మా దగ్గరి అన్నదమ్ములకు ఈ తీర్పు ఇంకా రుచించడం లేదు.

అపోహ: ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం వల్ల గిరిజనుడి భూమి మీద బ్యాంకు అప్పు రాదు.
వాస్తవం: బ్యాంకుకు తాకట్టు పెట్టొచ్చు. అప్పు కట్టకపోతే వేలంలో గిరిజనేతరుడు కొనడానికి మాత్రం వీల్లేదు. బ్యాంకు మేనేజర్లు వెనకాడేది అక్కడే.

అపోహ: రాయి సెంటర్లలో, అంటే ఆదివాసీ పెద్దల సంప్రదాయ పంచాయితీల్లో, తగాదాలు తీర్చుకోవడం చట్టవిరుద్ధం.
వాస్తవం: సంప్రదాయ పద్ధతిలో తగాదాలు తీర్చుకునే తీరును కాపాడే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. హత్యలు, అత్యాచారాల వంటివి మాత్రం పోలీసులకే వెళ్లాలి.

అపోహ: వెదురు, తునికాకు అటవీశాఖ సొత్తు.
వాస్తవం: తరతరాలుగా సేకరించేవాళ్లకు వాటిపై యాజమాన్య హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడి మెండా లేఖా గోండులకు వెదురు రవాణా పాసులిచ్చే అధికారం 2011లోనే దక్కింది, అమ్మకాలు గ్రామసభే చూసుకుంటోంది. ఇక్కడి గ్రామసభలు మొదట సామూహిక హక్కుల కోసం దరఖాస్తు పెట్టాలి. మావాళ్లు ఎక్కువగా పోడు పట్టాల దగ్గరే ఆగిపోతున్నారు.