ఊపిరి బిగబడితే గోల పెట్టేది ఎవరు?

మొదటి సంవత్సరం వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెప్పడం నా వృత్తి. ఏటా శ్వాస పాఠం మొదలయ్యే రోజున ఒకరిని ముందుకు పిలిచి, వేలికి పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం నిండి ఉందో చూపే పరికరం) పెట్టి, ఊపిరి బిగబట్టమంటాను. నలభై సెకన్లు దాటేసరికి ముఖం కందిపోతుంది, కళ్లు పెద్దవవుతాయి, ఇక నా వల్ల కాదన్నట్టు చేయి ఊపేస్తారు. అప్పుడు అంకె చదవమంటాను. 98. మొదలుపెట్టినప్పుడూ 98. పరికరం కాస్త ఆలస్యంగా చూపుతుంది కదా అని అడిగే తెలివైన విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఒకరుంటారు. వారి తృప్తి కోసం ఇంకో అర నిమిషం చూస్తాం. ఒకటి రెండు అంకెలు దిగితే దిగుతాయి, అంతే.

అపోహ: ఆక్సిజన్ అయిపోతుంది కాబట్టి ఊపిరాడదు.

వాస్తవం: ఆ గిలగిలకు కారణం బయటికి పోకుండా లోపల పోగవుతున్న కార్బన్ డయాక్సైడ్. మెదడు అడుగున ఉండే మెడుల్లా దాన్ని కనిపెడుతుంది, కొంచెం పెరిగినా ఊరుకోదు. 1905లోనే హాల్డేన్, ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి చూపించారు. ఆక్సిజన్‌ను గమనించే కణాలు లేకపోలేదు. మెడలో, తలకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని చీలే చోట బియ్యపు గింజంత ముద్దలో ఉంటాయి. శ్వాసను అదుపు చేయడంలో ఆ చోటి పాత్రను తేల్చినందుకు శాస్త్రవేత్త కార్నీల్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది. అయితే రక్తంలో ఆక్సిజన్ సంతృప్తత దాదాపు 90 శాతానికి దిగేదాకా అవి పెద్దగా నోరెత్తవు.

పుస్తకంలో ఇది ఒక పేరా. నీళ్లలో ప్రాణాల మీదికి వస్తుంది. ఎక్కువసేపు మునిగి ఉండాలని కొందరు ఈతగాళ్లు దిగే ముందు గబగబా, లోతుగా పది ఇరవై సార్లు ఊపిరి తీసి వదులుతారు. ఆక్సిజన్ నింపుకుంటున్నామని వారి లెక్క. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ అప్పటికే 97, 98 శాతం నిండి ఉంటే ఇంకా నింపడానికి చోటెక్కడిది? ఆ హడావుడిలో కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా తగ్గిపోతుంది. కాపలా కుక్క నోరు కట్టేసి పడుకున్నట్టే. ఊపిరి కావాలన్న తపన పుట్టకముందే ఆక్సిజన్ అడుగంటి, నీటిలోనే స్పృహ తప్పుతుంది. నైట్రోజన్ నిండి ఆక్సిజన్ లేని ట్యాంకులోకి దిగిన కార్మికుడి గతీ ఇదే. ఛాతీ మామూలుగా కదులుతుంది, కార్బన్ డయాక్సైడ్ మామూలుగా బయటికి పోతుంది, ఉక్కిరిబిక్కిరి అనేదే ఉండదు. నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలిపోతాడు. ఏమైందోనని వెంటనే దిగిన రెండో మనిషి కూడా అలాగే పడిపోతాడు. పరీక్షలో రాకపోయినా ఈ పాఠాన్ని నేను వదలను.

అపోహ: వణుకుతున్నారంటే ఒళ్లు చల్లబడిందని అర్థం.

వాస్తవం: జ్వరంతో పళ్లు టకటకలాడుతున్న మనిషికి థర్మామీటర్ పెట్టి చూడండి, 38 డిగ్రీలు దాటి ఉంటుంది. ఒంటికి ఎంత వేడి ఉండాలన్న గీతను గీసేది మెదడులోని హైపోథాలమస్. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం ఆ గీతను పైకి జరుపుతుంది. గీత 39.5 దగ్గర, ఒళ్లు 38 దగ్గర ఉంటే మెదడు లెక్కలో అది చలే. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. పారాసిటమాల్ వేసుకుంటే గీత కిందికి దిగుతుంది. అదే ఒళ్లు ఇప్పుడు మెదడుకు అతి వేడిగా తోస్తుంది, చెమట పోస్తుంది. చెమట పట్టి జ్వరం తగ్గిందని మనం అంటాం కానీ, గీత దిగాకే చెమట పట్టింది. నాలుగు దుప్పట్లు కప్పి బలవంతంగా చెమట పట్టించినా గీత దిగదు. వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుందంతే.

నీళ్లలో నానిన వేళ్ల ముడతల గురించి అడిగితే పెద్దలూ పిల్లలూ ఒకే మాట చెబుతారు: చర్మం నీరు పీల్చి ఉబ్బింది అని. అదే నిజమైతే నరం తెగిన వేలు కూడా ముడతలు పడాలి. పడదు. 1936లో లూయిస్, పికరింగ్ అనే వైద్యులు దీన్ని గమనించారు. చేతి నరం దెబ్బతిన్న రోగుల్లో ఆ నరం అందుకునే వేళ్లు నునుపుగానే ఉండిపోయాయి. నరాల ఆదేశంతో వేలి కొసలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, లోపలి కండ తగ్గి పై చర్మం లోపలికి లాగబడుతుంది. స్పర్శ తెలుస్తోందో లేదో చెప్పలేని పసిపిల్లల్లో నరాన్ని పరీక్షించడానికి గోరువెచ్చని నీళ్ల గిన్నె ఇందుకే పనికొస్తుంది. తడి వస్తువులపై పట్టు కోసమే ఈ ముడతలని ఒక వాదన ఉంది. వినడానికి బాగుంది కానీ ప్రయోగాలు ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు, నేను దాని మీద పందెం కాయను.

వ్యాయామం చేసిన రెండో రోజు ఒళ్లు నొప్పులకు లాక్టిక్ ఆమ్లాన్ని తిట్టుకోవడం మరో అలవాటు. కష్టపడ్డ కండరాల్లో పుట్టే ఆ ఆమ్లం రక్తంలో లాక్టేట్‌గా ఉంటుంది, అది గంట, గంటన్నరలో రక్తం నుంచి తొలగిపోతుంది. నొప్పి ముదిరేది 24 నుంచి 72 గంటల మధ్య. కండర తంతువుల్లో పడిన సన్నని గాయాలు, వాటి వెంట వచ్చే వాపు దానికి కారణం. బరువు మోస్తూ సాగే కండరానికి ఈ గాయాలు ఎక్కువ కాబట్టి, మెట్లు ఎక్కడం కంటే దిగడమే మర్నాడు ఎక్కువ బాధిస్తుంది.

చివరిగా, ‘కళ్లతో చూశాను’ అని వాదించే విద్యార్థుల కోసం నా దగ్గర ఒక అద్దం ఉంది. అందులో మీ ఎడమ కన్ను చూడండి, తరువాత కుడి కన్ను, మళ్లీ ఎడమ. కళ్లు కదలడం మీకు కనిపించదు. పక్కన నిలుచున్నవారికి స్పష్టంగా కనిపిస్తుంది. కన్ను గెంతే ఆ క్షణంలో వచ్చే మసక బొమ్మను మెదడు అణిచివేసి, అతుకు తెలియకుండా కలిపేస్తుంది. మెలకువగా ఉన్నంతసేపూ సెకనుకు దాదాపు మూడు సార్లు జరిగే తంతు ఇది. ఇదే పని ఫోను ముందు కెమెరాతో చేస్తే కదలిక దొరికిపోతుంది, ఎందుకంటే బొమ్మ తెర మీదికి చేరేసరికి మీ కన్ను గెంతడం పూర్తి చేసి ఆగి ఉంటుంది.