దీవులకు కొత్త విమానాలు, చౌక టికెట్లు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు ట్రంకు రోడ్డులో విమాన టికెట్లు అమ్మే నాకు, చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఏదైనా దీవికి కొత్త సర్వీసు ప్రకటించిన మర్నాడు ఫోను ఆగదు. 2024లో బెంగళూరు నుంచి లక్షద్వీప్‌లోని అగత్తికి, చెన్నై నుంచి మలేషియాలోని పెనాంగ్‌కు సర్వీసులు మొదలైనప్పుడు కూడా అడిగినవారి నమ్మకాలు దాదాపు ఇవే.

అపోహ: ప్రకటించిన ధర విమానంలోని సీట్లన్నిటికీ వర్తిస్తుంది.

వాస్తవం: ఒకే విమానంలోని సీట్లను సంస్థ పలు ధరల మెట్లుగా విభజిస్తుంది, వాటిని మేము ఫేర్ క్లాసులు అంటాం. అట్టడుగు మెట్టులో ఉంచే కొద్దిపాటి సీట్లు అమ్ముడవగానే పై మెట్టు ధర మొదలవుతుంది. అగత్తి రన్‌వే సుమారు 1,200 మీటర్లే కనుక అక్కడికి ఏటీఆర్ వంటి చిన్న విమానాలే వెళతాయి. ఉన్న సీట్లే తక్కువైనప్పుడు వాటిలో చౌకవి ఎన్ని ఉంటాయి? ఇందులోనే చాలామంది గమనించని మెలిక ఒకటుంది. కింది మెట్టులో రెండు సీట్లే మిగిలినప్పుడు నలుగురికి కలిపి వెతికితే, నలుగురికీ పై మెట్టు ధరే కనిపిస్తుంది. కావలి నుంచి వచ్చిన ఒక కుటుంబానికి మొదట ఒక్కరికి, తర్వాత ఇద్దరికి వెతికి చూసి, రెండు బుకింగులుగా టికెట్లు తీశాను. అయితే విమానం వేళ మారితే రెండింటినీ విడివిడిగా సరిచేయించుకోవాలి కనుక, పసిపిల్లలతో వెళ్లేవారికి ఈ పద్ధతి చెప్పను.

అపోహ: మంగళవారం అర్ధరాత్రి, ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజరు మన వెతుకులాటను గుర్తుపెట్టుకోని పద్ధతిలో) వెతికితే ధర తగ్గుతుంది.

వాస్తవం: టికెట్ ఏ రోజు, ఎలా వెతికామన్నదాని కన్నా ఏ తేదీల్లో విమానం ఎక్కుతామన్నది ముఖ్యం. విమాన సంస్థల వేసవి షెడ్యూలు మార్చి చివరి ఆదివారం, శీతకాలపు షెడ్యూలు అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతాయి. కొత్త మార్గాలు, వాటితో పాటు ప్రారంభ ధరలు చాలావరకు ఆ తేదీల చుట్టూనే వస్తాయి. అగత్తి సర్వీసు మొదలైన 2024 మార్చి 31 అలాంటి ఆదివారమే.

అపోహ: టికెట్ చౌకైతే ప్రయాణమూ చౌకే.

వాస్తవం: మన జిల్లాలో విమానాశ్రయం లేదు కనుక లెక్క ఇంటి గడప నుంచే మొదలవ్వాలి. చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు. అక్కడి మెట్రో మొదలయ్యేదే ఉదయం 5 గంటలకు. తెల్లవారుజామున విమానమైతే ముందు రాత్రి గది అద్దెకో, కారు బాడుగకో మిగిలిన డబ్బు కాస్తా పోతుంది. తిరుగు టికెట్ ధర కూడా అప్పుడే చూడాలి, ఎందుకంటే ప్రారంభ ధర తరచు ఒకవైపు ప్రయాణానికే ఉంటుంది. అగత్తికి వెళ్లాలంటే భారతీయులకూ ప్రవేశ అనుమతి కావాలి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు అక్కర్లేదు.

అపోహ: ఆఫరు టికెట్ రద్దు చేస్తే పైసా రాదు.

వాస్తవం: మూల ఛార్జీ రాకపోవచ్చు గానీ, పన్నులనూ విమానాశ్రయ రుసుములనూ ఆఫరు టికెట్లకు సైతం తిరిగి ఇవ్వాలన్నది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. సర్వీసును సంస్థే రద్దు చేస్తే వేరే విమానమో, మొత్తం సొమ్మో అడగవచ్చు. హోటలుకు ముందే కట్టిన డబ్బు మాత్రం అందులో రాదు. అందుకే కొత్త మార్గంలో మొదటి నెల వెళ్లేవారిని, రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకోమంటాను.