ఉద్దానం డయాలసిస్: కుళాయి దాకా ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ నీళ్ల మాట మళ్లీ పైకొచ్చింది. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందన్న చర్చ అందరికీ తెలిసిందే. సిలికా అన్నారు, సీసం అన్నారు, ఇంకా తేలలేదు. ఇప్పటి గొడవ వేరు. జబ్బు వచ్చి సెంటర్‌లో మంచమెక్కిన మనిషి రక్తానికి తగిలే నీళ్లలో ఏముందన్నది, ముఖ్యంగా అల్యూమినియం ఉందా అన్నది ప్రశ్న.

ఒకసారి డయాలసిస్‌కు నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల నీళ్లు పడతాయి. వారానికి మూడుసార్లయితే 360. తాగే నీళ్లలోని అల్యూమినియంలో నూటికి ఒక వంతు కూడా పేగు దాటి రక్తంలోకి పోదు. డయాలసిస్‌లో నీళ్లకూ రక్తానికీ మధ్య పలచని పొర ఒక్కటే. అది దాటిన అల్యూమినియం ప్రొటీన్‌ను పట్టుకుని ఒంట్లోనే ఉండిపోతుంది, బయటికి పంపాల్సిన కిడ్నీ పనిచేయదు కాబట్టి. అందుకే తాగునీటికి లీటరుకు 0.03 మిల్లీగ్రాముల వరకు సరేనంటే, డయాలసిస్‌కు 0.01 దాటకూడదు.

దాటితే ఏమవుతుందో 1970ల్లోనే అమెరికాలోని డెన్వర్‌లో తెలిసింది. ముందు మాట తడబడుతుంది, తర్వాత మతి పోతుంది. సన్నని పొర గుండా నీళ్లను వడగట్టే ఆర్వో ప్లాంట్లు వచ్చాక గండం గడిచిందనుకున్నారు.

నా దృష్టిలో అసలు పాఠం 1996లో, కరీబియన్ దీవి కురసావ్‌లో ఉంది. అక్కడ సముద్రపు నీటిని మరిగించి పట్టిన నీళ్లతోనే దశాబ్దాలుగా డయాలసిస్ చేశారు, ఇబ్బంది రాలేదు. ఆ ఏడాది సెంటర్‌కు కొత్త పైపు వేశారు. లోపల సిమెంటు పూత. లవణాలు లేని ఆ నీళ్లు పూతను తినేశాయి. అల్యూమినియం, కాల్షియం నీళ్లలోకి దిగాయి. 27 మంది పేషెంట్లలో 10 మంది చనిపోయారు.

మన దగ్గర 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం ఈ పనిని రెండుగా పంచింది. స్థలం, కరెంటు, నీళ్ల సరఫరా ప్రభుత్వానివి. మెషిన్లు, ఆర్వో ప్లాంటు, సిబ్బంది ప్రైవేటు భాగస్వామివి. కుళాయి దగ్గర బాధ్యత చేతులు మారుతుంది. ఇంతలో 2023 డిసెంబరులో హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఉద్దానానికి చేరాయి. బోరు నీళ్లతో నెట్టుకొచ్చిన ఊళ్లకు అది నిజంగా పెద్ద మేలు. అయితే నది నీళ్లను తేర్చడానికి మామూలుగా వేసేది పటిక. వరదొచ్చి నీళ్లు బురదగా ఉంటే ఇంకాస్త ఎక్కువ వేస్తారు. పటికలో ఉండేది అల్యూమినియమే. సెంటర్‌కు వచ్చేది బోరు నీళ్లా, నది నీళ్లా, ఎప్పుడు మారాయి అన్నది ఆర్వో నడిపేవాళ్లకు ముందే తెలియాలి.

ఆర్వో ఉంది, రోజూ టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్నవాటి మొత్తం) చూస్తున్నామన్నది నిర్వాహకుల మాట. ఆ వడపోత పొర, అంటే మెంబ్రేన్, బాగున్నంతకాలం ఆర్వో అల్యూమినియాన్ని చాలావరకు ఆపుతుంది, నిజమే. కానీ చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ చూపే అతిచిన్న అంకె 1, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. అల్యూమినియం హద్దు అందులో నూరో వంతు. ఒక సెంటర్‌లో ఆర్వో గది తలుపు పక్కన వేలాడే రిజిస్టర్ చూశాను. టీడీఎస్, క్లోరిన్, హార్డ్‌నెస్ అని మూడు గళ్లు, రోజూ అంకె, పక్కన సంతకం. లోహాలకు గడి లేదు.

తెల్లవారకముందే ఆటోల్లో వచ్చి బరువు చూసుకుని లైన్లో కూర్చునేవాళ్ల తరఫున అడగాల్సింది కొండంత కోరికేం కాదు. ఆర్వోకు ముందు ఒక సీసా, తర్వాత ఒక సీసా నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపాలి. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో మారిన ప్రతిసారీ మళ్లీ పంపాలి. రిపోర్టు తేదీతో సహా గోడకు పెట్టాలి.