పురుగు కనబడగానే మందు కొట్టాలా?

కెనడా పశ్చిమాన ఉన్న ప్రెయిరీ మైదానాల్లో కనోలా మీద దశాబ్దాలుగా సాగుతున్న క్షేత్ర పరిశోధన పురుగుల్ని ఎలా చంపాలో చెప్పడంతో ఆగలేదు. ఎప్పుడు చంపనక్కర్లేదో కూడా తేల్చింది. రైతుకు అసలు డబ్బు మిగిల్చేది ఈ రెండోదేనని నాకనిపిస్తుంది.

కనోలా ఆవాల కుటుంబపు నూనెగింజ పంట. మానిటోబా విశ్వవిద్యాలయంలో బాల్డర్ స్టెఫాన్సన్ రూపొందించిన 'టవర్' రకం 1974లో వచ్చింది. నూనెలో గుండెకు మంచిది కాదనే ఎరూసిక్ ఆమ్లం, నూనె తీశాక మిగిలే పిండిలో పశువులకు పడని గ్లూకోసినోలేట్లు రెండూ తక్కువగా ఉన్న తొలి రకం అదే.

ఈ పంటకు గండం మొలక దశలోనే. చలికాలమంతా రాలిన ఆకుల చాటున దాగిన ఫ్లీ బీటిళ్లు అనే చిన్న పెంకు పురుగులు వసంతంలో బయటికొచ్చి బీజదళాలకు, అంటే మొలకలో మొదట వచ్చే ఆకులకు, చిల్లులు పెడతాయి. దాదాపు సగం ఆకు పోయేదాకా మొక్క తట్టుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. అయినా మందు కొట్టే హద్దును 25 శాతం దగ్గర పెట్టారు. ఎండ కాస్తే ఇవి ఎంత వేగంగా తింటాయంటే, సగం పోయిందని గుర్తించేసరికి ఆలస్యమైపోతుంది. విత్తనశుద్ధి మందు మొదటి మూడు, నాలుగు వారాలు కాపాడుతుంది గానీ, వీటిలో ఒక రకమైన చారల ఫ్లీ బీటిల్ మీద, విత్తనశుద్ధిలో వాడే నియోనికోటినాయిడ్ అనే తరగతి మందులు అంతగా పనిచేయవు.

ఇక్కడే మొక్కల సాంద్రత లెక్కలోకి వస్తుంది. చదరపు అడుగుకు 5 నుంచి 8 మొక్కలు ఉండాలంటారు. వేసిన గింజల్లో చాలాసార్లు సగానికి కాస్త పైన మాత్రమే మొలకెత్తుతాయి. మొక్కలు పలచబడితే మిగిలినవి కొమ్మలేసి ఖాళీని పూడుస్తాయి, నిజమే. కానీ అన్ని పురుగులూ ఆ కొద్ది మొక్కల మీదే పడతాయి. దున్నకుండా పాత మోళ్ల మధ్య విత్తిన పొలాల్లో ఫ్లీ బీటిల్ నష్టం తగ్గడం కూడా పరిశోధకులు చూశారు.

డైమండ్ రెక్కల పురుగు కథ వేరు. అది ఏటా దక్షిణం నుంచి గాలివాటున వస్తుంది. కాయ దశలో చదరపు మీటరుకు 200–300 లార్వాలు ఉంటే తప్ప మందు వద్దంటారు. పూత ముగియకముందైతే ఆ హద్దు 100–150. చాలా ఏళ్లలో డయాడెగ్మా అనే పరాన్న కందిరీగ, జోరువాన కలిసి ఆ లెక్క దాటనివ్వవు. తొందరపడి కొడితే ముందు చచ్చేది ఆ కందిరీగే.

పురుగుల మీద ప్రయోగానికి ఒక చిక్కుంది. మందు కొట్టిన మడిలోకి పక్క మడి పురుగులు వచ్చేస్తాయి. అందుకే కాయ ముక్కు పురుగు మీద ఎర పంటను ఆల్బర్టాలో రైతుల పెద్ద పొలాల్లోనే పరీక్షించారు. చుట్టూ అంచున ముందే పూసే రకం వేసి, పురుగులు అక్కడ చేరాక ఆ అంచుకే మందు కొట్టడం ఉపాయం. చతురస్రపు పెద్ద పొలాల్లో ఇది బాగా పనిచేసింది. సన్నగా పొడుగ్గా ఉన్న పొలంలో మాత్రం పారలేదు.